రాంట్జెన్ పండితుడు

ఎముక విరిగినదనగానే నేడు పల్లెటూరి రైతు సైతము, వైద్యుడు చెప్పకమునుపే, ఎక్సురే తీయింపవలెనని యెరుగును. ఆ కిరణములను కనుగొనిన మహాశయుడెవరో, కనుగొనినదానిని ఆయన యేమి చేసెనో యెరిగినవారు మాత్రము మనలో స్వల్పసంఖ్యాకులు. అందుచే ఆయన చరిత్రమును పాఠకుల ముందుంచుచున్నాము.

జీవించియున్న మనుజుని యెముకను కంటితో చూచుటకు, శరీరమును కోసి చూచుట దక్క, 1895 వరకు ప్రపంచమున మార్గము లేకుండెను. మన సుశ్రుతాచార్యుడు కీలు తప్పుటను 6 విధములుగను, ఎముక విరుగుటను 12 విధములుగను విభజించి, వాపు, వంకర, తాకినపుడు కలుగు బాధ, ఎముకల రాపిడి చప్పుడు మున్నగు లక్షణములచే వానిని గుర్తింపవలెనని బోధించెను. పుత్తూరు కట్టు కట్టువారి నైపుణ్యమంతయు వ్రేళ్ళ కొనలయందే యుండెడిది. ఐరోపా శస్త్రవైద్యులకును అంతకు మించిన సాధనము లేదు.

విల్హెల్ము కాన్రాడు రాంట్జెన్ 1845 మార్చి 27వ తేదీన ప్రష్యాలోని లెన్నెపు పట్టణమున బట్టల వర్తకుని యింట జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తలిదండ్రులతో హాలండునకు పోయెను. ఉట్రెక్టులో చదువుచుండగా ఎవరో ఉపాధ్యాయుని వికటచిత్రమును గీసిరి. గీసినవాని పేరు చెప్పనందుకు రాంట్జెన్‌ను బడినుండి వెడలగొట్టిరి. పరీక్షాపత్రము లేనివాడగుటచే ఆయనకు విశ్వవిద్యాలయముల ద్వారములు మూసుకొనెను. అట్టి పత్రము నడుగని జూరిచ్ పాలిటెక్నికున 1865లో ప్రవేశించి, 1869లో డాక్టరు పట్టమందెను. పిమ్మట వుర్ట్స్‌బర్గునకు పోగా, బడి పత్రము లేదను కారణముచేతనే ఆ విశ్వవిద్యాలయము ఆయనకు అధ్యాపకత్వము నిరాకరించెను. ఆ విశ్వవిద్యాలయమే 1888లో ఆయనను ఆచార్యుని గావించి, 1894లో తన యధ్యక్షపీఠమున కూర్చుండబెట్టెను! పత్రములను చూచి మనుష్యులను తూచు పెద్దలు మన దేశమునను కొదువలేరు.

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలమున ఆయన గాలి తీసివేసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రసరింపజేయుచుండెను. గొట్టమునకు నల్లని అట్ట కప్పబడియుండెను, గది చీకటి. అయినను దూరముగా నున్న బేరియం ప్లాటినోసైనైడు పూసిన తెర మిణుకుమిణుకుమని వెలుగసాగెను. కంటికి కానరాని కిరణమేదియో అట్టను దాటి పోవుచున్నదని ఆయన గ్రహించి, దాని స్వరూపము తెలియనందున బీజగణితములోని అజ్ఞాతరాశివలె ఎక్సు అని పేరిడెను. ఏడు వారములు ఒంటరిగా పరిశోధించెను. డిసెంబరు 22వ తేదీన భార్యయగు బెర్తా చేతిని ఛాయాఫలకముపై నుంచి కిరణములను ప్రసరింపజేయగా, వ్రేళ్ళ యెముకలును, వానిపై ఉంగరపు నీడయు స్పష్టముగా పడెను. ఎముకలోని సున్నపు ద్రవ్యము కిరణముల నడ్డగించును. మాంసము చాలవరకు పోనిచ్చును. ఆ భేదమే చిత్రమగుచున్నది. డిసెంబరు 28వ తేదీన తన వ్యాసమును స్థానిక శాస్త్రసంఘమున కందజేసెను. కొలది వారములలోనే ఐరోపా, అమెరికా వైద్యులు విరిగిన యెముకలను, దేహమున దిగబడిన సూదులను, గుండ్లను ఈ సాధనముతో చూడసాగిరి.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయము. ఈ కిరణములవలన కోట్లు గడింపవచ్చునని అందరికిని తెలియును. రాంట్జెన్ పేటెంటు పుచ్చుకొనలేదు. తాను కనుగొనినది సర్వజనులదని తలచి, ఎవరైనను చేసికొనుటకు విడిచిపెట్టెను. 1901లో భౌతికశాస్త్రమునకు ప్రప్రథమ నోబెలు బహుమానము రాగా ఆ ద్రవ్యమును వుర్ట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున కిచ్చివేసెను. ప్రభుబిరుదమును నిరాకరించెను. ఇట్లు ధర్మార్థము విడువబడిన విద్య మన యెల్లలకు వచ్చిన తీరు చూడుడు: 1897-98లో ఆంగ్ల సర్కారు నేడు పాకిస్తానులో నున్న తీరా ప్రాంతపు ఆఫ్రీదీలపై దండెత్తినపుడు, గాయపడిన తన సైనికులలోని గుండ్లను వెదకుటకు సైన్యవైద్యుడు బీవరు ఈ యంత్రమును వెంట గొనిపోయెను.

ఆయనయందు దోషము లేదనము. 1914లో బెల్జియమున జర్మను సేనల దుష్కృత్యములను కాదని 93 మంది జర్మను విద్వాంసులు చేసిన ప్రకటనలో ఆయనయు చేవ్రాలు చేసెను. దేశభక్తి సత్యమునకు కన్ను మూయించుట కిది యొక నిదర్శనము.

ఆయన కిరణములకును మేర కలదు. మితిమీరిన ప్రయోగముచే చర్మము కాలి, వ్రేళ్ళు పోయి, ప్రాణములు సైతము కోల్పోయిన తొలి పనివారు పెక్కుమంది. మరియు మృదులాస్థి, స్నాయువు, కండరము ఆ ఛాయలో చక్కగా కనబడవు. 1971లో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సీటీ యంత్రము దేహమును పొరలు పొరలుగా చూపగా, అయస్కాంతబలముచే పనిచేయు ఎంఆర్ఐ మోకాటి స్నాయువు తెగినదో లేదో చెప్పగలుగుచున్నది. కాని సీటీ యంత్రము ఒక ఆంగ్ల వర్తకసంఘపు కర్మశాలలో పుట్టి, దాని పేటెంటుతోనే లోకమునకు వచ్చెను. ఎక్సురే పటమునకు వెనుదీయని బీదవాడు ఎంఆర్ఐ యనగానే ఇల్లు చేరి నొప్పి నోర్చుకొనును. రాంట్జెన్ వేసిన త్రోవలో తరువాతివారందరును నడచిరని చెప్పజాలము.

1919లో బెర్తా మరణించెను. యుద్ధానంతరము జర్మను నాణెము విలువ పడిపోవుటచే ఆయన కూడబెట్టినది హరించిపోయెను. 1923 ఫిబ్రవరి 10వ తేదీన ప్రేవుల రాచపుండుచే మ్యూనిచ్ నగరమున దేహము చాలించెను. ఆయన కోరికచొప్పున ఆయన జాబులును పరిశోధనల వ్రాతలును కాల్చివేసిరి. చితాభస్మము గీసెన్ పట్టణపు పాత శ్మశానమున నున్నది.