అయ్యగారి సాంబశివరావు: ప్రయోగశాల నుండి కర్మాగారమునకు

పరదేశము నుండి యంత్రమును కొని తెచ్చుకొనుట యొక మార్గము. దానిని స్వయముగా నిర్మింప నేర్చుకొనుట మరియొక మార్గము. మొదటిది శీఘ్రము, రెండవది కష్టసాధ్యము. ఆ కష్టమార్గమునే వరించి, జీవితమంతయు దానికే వెచ్చించిన ఆంధ్ర శాస్త్రజ్ఞులలో అయ్యగారి సాంబశివరావుగారు అగ్రగణ్యులు.

నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన ఆయన జన్మించిరి. అల్లూరి సీతారామరాజు వంశీయుల స్వగ్రామము కూడ అదియే. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎం.ఎస్‌సి. పట్టము పొంది, అక్కడనే కొంతకాలము అధ్యాపకులుగా నుండిరి. పిమ్మట టాటా విద్యార్థివేతనముతో అమెరికాకు వెళ్లి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించిరి. తిరిగివచ్చి, 1945లో హోమీ భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిరి.

ఆ సంస్థలో విశ్వకిరణముల పరిశోధన ముఖ్యముగా సాగుచుండెను. ఆ కిరణకణములు కంటికి కానరావు. లెక్కించు గొట్టములో ఒక కణము ప్రవేశించినపుడు ఒక విద్యుత్ స్పందము పుట్టును. వెంటవెంటనే పుట్టు స్పందములను మనిషి లెక్కింపజాలడు. వాల్వులతో కూర్చిన వలయములే లెక్కింపవలెను. ఒక్కొక్క వలయమునకు రెండే స్థితులు: ఉన్నది, లేదు. ఈ రెండు స్థితులతో ఎంత పెద్ద సంఖ్యనైనను తెలుపవచ్చును. కంప్యూటరునకు మూలసూత్రమును ఇదియే. కనుక అణుశాస్త్రమునకు పరికరములు చేయనేర్చిన చేతులకు గణకయంత్రము పరాయిది కాదు.

అదే సంస్థలో ఆర్. నరసింహన్ నాయకత్వమున కొందరు యువకులు 1950వ దశకమున ఒక కంప్యూటరును నిర్మింపబూనిరి. వారిలో పెక్కురు అంతకుముందు అట్టి యంత్రమును వాడి యెరుగరు. సుమారు 2,700 వాల్వులతో రూపొందిన ఆ యంత్రమునకు 1962లో టిఫ్రాక్ అని పేరిడిరి. కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థయు, జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమును కలసి 1966లో మరియొక యంత్రమును సిద్ధము చేసినవి. నిర్మించుటయే నేర్చుట అనునది ఈ ప్రయోగశాలల దృక్పథము. మగ్గము నడక తెలిసిన చీరాల, ఈపురుపాలెముల నేతపనివారికి ఈ మాటను వివరింప నక్కరలేదు.

ట్రాంబేలోని అణుశక్తి కేంద్రమున ఎలెక్ట్రానిక్సు విభాగమునకు సాంబశివరావుగారు నాయకులైరి. 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయనారంభించిన అప్సర రియాక్టరునకు కావలసిన నియంత్రణ పరికరములను ఆ విభాగము ఇక్కడనే తయారుచేసెను. దేశమున ఎలెక్ట్రానిక్సు పరిశ్రమ ఎట్లుండవలెనో నిర్ణయించుటకు 1963లో భాభా అధ్యక్షతన ఏర్పడిన సంఘమున సూరి భగవంతము, విక్రమ్ సారాభాయిలతో పాటు ఆయనయు సభ్యులు. 1966 జనవరిలో భాభా విమానప్రమాదమున మరణించిరి. అయినను తలపెట్టిన పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలెక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అవతరించెను. దాని భారము సాంబశివరావుగారి భుజములపై పడెను.

అసలు పరీక్ష అప్పుడే మొదలయ్యెను. ప్రయోగశాలలోని యంత్రమునకు దానిని చేసినవాడే ప్రక్కనుండును. చెడిన వెంటనే బాగుచేయును. కర్మాగారమునుండి వెడలిన యంత్రము అపరిచితుల చేతులలో, అపరిచితమైన ఊరిలో పనిచేయవలెను. ఒక్కటి చేయుట విద్య. అట్టివే అనేకము చేసి, అన్నిటిని నడిపించుట వేరొక విద్య. ట్రాంబేలో రూపకల్పన జరిగిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. పన్నెండు ద్విసంఖ్యాస్థానములు గల పదములతో పనిచేయుటచే దానికా పేరు వచ్చెను. తరువాత వెలసిన టి.డి.సి.-316 విశ్వవిద్యాలయములకును, పరిశోధనాలయములకును చేరెను.

ఈ మార్గమునకు విమర్శకులు లేకపోలేదు. విదేశీయంత్రములు ఏటేట ముందుకు పోవుచుండగా స్వదేశీయంత్రములు వెనుకబడుచున్నవనియు, దిగుమతులపై ఆంక్షలచే పరిశోధకులు నష్టపడుచున్నారనియు 1970వ దశకమున వాదములు బయలుదేరినవి. వానిలో సత్యము కలదు. ఆలస్యమైన యంత్రముచే ఆలస్యమైన పరిశోధనలకు మూల్యము చెల్లించినవారును భారతీయులే. కాని కొన్న యంత్రము పాతబడినపుడు మిగులునది ఇనుము మాత్రమే. చేసిన యంత్రము పాతబడినపుడు చేయనేర్చిన మనుషులు మిగులుదురు. హైదరాబాదున ఎలెక్ట్రానిక్సు పరిశ్రమ వేరూనుటకు ఆ మనుషులే ఆధారమైరి. నేడు దేశమునకు ఓటుయంత్రములను సమకూర్చు సంస్థలలో ఆ కర్మాగారమును ఒకటి.

ప్రభుత్వము ఆయనకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ బిరుదములనిచ్చెను. 1965లో భట్నాగరు బహుమతి లభించెను. 2003 అక్టోబరు 31వ తేదీన ఆయన పరమపదించిరి. ఆ కర్మాగారమునకు చేరువలోని విశాలమైన నివాసప్రాంతమునకు ఆయన పేరే పెట్టబడినది. ఎ.ఎస్. రావు నగరమున దిగు ప్రయాణికులలో ఆ రెండక్షరముల వెనుకనున్న మనిషి నెరిగినవారు కొద్దిమందియే. తాము చేసిన పనిని నిలిపి, తాము మరుగున నుండుట ప్రయోగశాలలలో పెరిగినవారికి కొత్త గాదు.