చక్కెర గుట్టు విప్పిన గెర్టీ

నిండు బిందె చంకనెత్తుకుని నాలుగు మెట్లెక్కితే కాళ్లు పీకుతాయి. ఆ కాసేపటి శ్రమకు కావాల్సిన శక్తి ఎక్కడిది? ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వది. అది అవసరానికి ఎలా కరుగుతుందో తేల్చి, వైద్యరంగంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ గెర్టీ కోరి.

1896 ఆగస్టు 15న ప్రాగ్ నగరంలో ఓ యూదు కుటుంబంలో పుట్టిందామె. తండ్రి చక్కెర శుద్ధి కర్మాగారాలు చూసుకునే రసాయన నిపుణుడు. పదహారేళ్లకు డాక్టరు కావాలని పట్టుబట్టింది. ఆడపిల్లల బడిలో అందుకు తగ్గ చదువేదీ? ఏళ్ల తరబడి నేర్వాల్సిన లాటిన్, లెక్కలు, సైన్సు అన్నీ దాదాపు ఏడాదిలోనే నేర్చేసి 1914లో వైద్యవిద్యలో చేరింది. సహాధ్యాయి కార్ల్ కోరితో స్నేహం కుదిరింది. పట్టా, పెళ్లి రెండూ 1920లోనే!

1922లో ఇద్దరూ అమెరికాలోని బఫెలో చేరారు. అక్కడ మొదలయ్యాయి చిక్కులు. భర్తతో కలిసి పరిశోధన చేస్తే ఉద్యోగం ఊడుతుందని ఆమెను బెదిరించారు. భార్యతో కలిసి పనిచేయడం మానుకుంటేనే కొలువన్నారు ఆయనతో, మరోచోట. భర్త ఎదుగుదలకు నువ్వే అడ్డని ఆమెకు హితబోధలు కూడానూ! ఆయన ఆ కొలువే వద్దన్నాడు. కండరాల్లో పుట్టిన లాక్టిక్ ఆమ్లం కాలేయానికి చేరి మళ్లీ చక్కెరవుతుందని 1929లో ఇద్దరూ కలిసే చెప్పారు. అదే కోరి చక్రం.

1931లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఆయన ప్రొఫెసరు. ఆమె పరిశోధన సహాయకురాలు. జీతం ఆయనదాంట్లో పదోవంతు! అయినా పని ఆగలేదు. గ్లైకోజెన్‌ను విడగొట్టే ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమును పట్టుకున్నారు. అది పనిచేసే రూపంలోనూ, విశ్రాంతి రూపంలోనూ ఉంటుందని గుర్తించారు. అంటే స్విచ్చి ఉందన్నమాట!

మరి నొక్కేదెవరు? వాళ్ల ప్రయోగశాలలో పనిచేసి వెళ్లిన ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్‌తో కలిసి 1955లో జవాబు కనిపెట్టాడు. కైనేజ్ అనే ఎంజైము ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తెచ్చి అతికిస్తుంది, స్విచ్చి పడుతుంది. ఆ ఏటీపీని 1929లో గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. కణంలో కైనేజులు వందల రకాలు. ఒకటి నొక్కాల్సింది మరొకటి నొక్కితే అంతా గందరగోళమే. అందుకే స్కాఫోల్డ్ ప్రొటీన్లు మేస్త్రీలు కట్టే పరంజాలా నిలిచి, ఏ కైనేజును ఏ ప్రొటీను పక్కన ఉంచాలో అక్కడే పట్టి ఉంచుతాయి. గ్లైకోజెన్ దగ్గరా అలాంటివి ఉన్నాయని తర్వాతి తరం శాస్త్రవేత్తలు తేల్చారు.

గెర్టీకి ప్రొఫెసరు పదవి 1947లో గానీ దక్కలేదు. అదే ఏడాది భర్తతో, బెర్నార్డో హుస్సేతో కలిసి నోబెల్ వచ్చింది. ఎముక మజ్జ రక్తాన్ని సరిగా తయారుచేయలేని జబ్బు బయటపడిందీ ఆ ఏడాదే! రక్తం ఎక్కించుకుంటూనే పదేళ్లు ప్రయోగశాలకు వెళ్లింది. కొందరు పసిపిల్లల కాలేయంలో గ్లైకోజెన్ పేరుకుపోవడానికి ఒక ఎంజైము లోపమే కారణమని 1952లో చూపింది ఆ ఒంటితోనే.

1957 అక్టోబరు 26న కన్నుమూసింది. జీతంలో పదోవంతు ఇచ్చినవాళ్లు, ఆమె పనిని మాత్రం ఆ లెక్కన కొలవలేకపోయారు.