బియాట్రిస్ షిల్లింగు దొరసాని

ఇంగ్లండు దేశమున 1909వ సంవత్సరమందు జన్మించిన బియాట్రిస్ షిల్లింగు బాల్యముననే యంత్రములపై మక్కువ గలదై, పదునాలుగవ యేట మోటారు సైకిలు కొనెను. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున 1932లో ఇంజనీరింగు పట్టమునంది, 1934లో బ్రూక్‌లాండ్సు పందెపు బాటపై నార్టను మోటారు సైకిలును గంటకు 100 మైళ్లకు మించిన వేగముతో నడపి స్వర్ణనక్షత్రమును బడసెను. 1936లో ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనాలయమున జేరెను.

1940లో జర్మనులతో జరిగిన ఆకాశయుద్ధమున స్పిట్‌ఫైరు, హరికేను విమానములకు గల మెర్లిను ఇంజనులో నొక లోపము ప్రాణాంతకమయ్యెను. శత్రువును వెన్నాడుచు విమానపు ముక్కును ఒక్కసారిగా క్రిందికి వంచినంతనే ఇంజను తడబడి ఆగుచుండెను. ఆనాటి మోటారు సైకిలునందువలెనే ఈ ఇంజను కార్బ్యురేటరులోను పెట్రోలు మట్టమును తేలెడు బుడ్డి కాపాడుచుండెను. ముక్కు వంగినప్పుడు పెట్రోలు పైకెగసి మొదట జెట్లకు అందకుండెను. పిమ్మట బుడ్డి అదుపు తప్పగా పెట్రోలు వెల్లువయై ఇంజనునకు ఊపిరాడనీయకుండెను.

ఈమె క్రొత్త ఇంజనును కోరలేదు. పూర్ణశక్తితో పనిచేయుటకు ఇంజనునకు ఎంత పెట్రోలు వలయునో లెక్కించి, అంతమాత్రమే పోవునట్లు రంధ్రము గల చిన్న లోహపు బిళ్లను పెట్రోలు గొట్టములో అమర్చు ఉపాయమును కనుగొనెను. విమానములను పనినుండి తప్పింప నక్కరలేకపోయెను. 1941లో తానే విమానస్థావరములకు బోయి బిళ్లలను అమర్పించెను. లోపము పూర్తిగా మానకున్నను వెల్లువ ఆగెను. వైమానికులకు ధైర్యము కలిగెను. ఈమె 1990లో మృతినొందెను.

విద్యార్థులారా! యంత్రము చెడినప్పుడు దానిని దూషింపక కారణమును వెదకుడు. కారణము తెలిసినచో చిన్న మందైనను చాలును.