కుర్చీకి న్యాయం చేసిన కోనసీమ బిడ్డ

మన హాస్టళ్ళలో వక్తృత్వ పోటీలు పెట్టినప్పుడల్లా జి.ఎం.సి. బాలయోగి గారి పేరు వినబడుతుంది. లోక్‌సభకు మొట్టమొదటి దళిత స్పీకర్ అని చెప్పి, చప్పట్లు కొట్టి ఊరుకుంటాము. ఆ మాట నిజమే. కానీ మొదటివాడు కావడం ఒక ఎత్తు, ఆ స్థానంలో కూర్చుని ఏమి చేశాడన్నది మరొక ఎత్తు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ రెండో సంగతిని మిత్రులతో పంచుకోవాలని మా ఆశ.

గంటి మోహనచంద్ర బాలయోగి గారు 1951 అక్టోబర్ 1న అప్పటి తూర్పు గోదావరి జిల్లా యెదుర్లంకలో జన్మించారు. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు అది. ఆవలి గట్టున యానాం. తల్లిదండ్రులు సత్యమ్మ, గన్నియ్య గార్లు. పక్క ఊరు జి. వేమవరంలో ప్రాథమిక విద్య, కాకినాడలో పై చదువు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీ, న్యాయశాస్త్ర పట్టాలు పూర్తిచేశారు. 1980లో కాకినాడలో న్యాయవాద వృత్తి ప్రారంభించారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌గా ఎంపికయ్యారు. మనలాంటి ఇళ్ళలో సర్కారు ఉద్యోగం వస్తే వీధంతా స్వీట్లు పంచుతారు. ఆయన మాత్రం కొద్దికాలానికే దానిని వదిలి మళ్ళీ నల్లకోటు తొడుక్కున్నారు.

1987లో జిల్లా ప్రజా పరిషత్ అధ్యక్షులయ్యారు. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం నుండి లోక్‌సభకు వెళ్ళారు. 1996లో ఓడిపోయారు. ఓటమితో ఇంట్లో కూర్చోలేదు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశారు. 1998లో మళ్ళీ లోక్‌సభకు ఎన్నికై, మార్చి 24న స్పీకర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్ళు. అంత చిన్న వయసులో ఆ కుర్చీ ఎక్కినవారు అంతకు ముందు లేరు. 1952లో మావలంకర్ గారితో మొదలైన ఆ వరుసలో మన తెలుగు నేల నుండి అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి గార్ల తరువాత మూడోవారు ఆయనే.

స్పీకర్ అంటే మాట్లాడేవాడని అర్థం. కానీ ఆయన పని అందరిచేత మాట్లాడించడం. మామూలుగా ఓటు కూడా వేయడు. రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం ఇరుపక్షాల ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే ఆయనకు నిర్ణాయక ఓటు ఉంటుంది.

1999 ఏప్రిల్ 17న ఈ నియమానికి పరీక్ష వచ్చింది. ఆ రోజు వాజ్‌పేయి ప్రభుత్వంపై విశ్వాస తీర్మానానికి ఓటింగు. తెలుగుదేశం ప్రభుత్వం వైపు నిలిచింది. ప్రతిపక్షంలోని గిరిధర్ గమాంగ్ గారు అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, అయినా లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయవచ్చా అని వివాదం లేచింది. బాలయోగి గారు ఆయనను ఆపలేదు, ఆ నిర్ణయాన్ని ఆయన మనస్సాక్షికే వదిలారు. లెక్క తేలేసరికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది.

మిత్రులారా, ఈ లెక్క ఒకసారి వేసి చూడండి. ఆ ఒక్క ఓటు లేకపోతే 269కి 269. అప్పుడు నిర్ణాయక ఓటు బాలయోగి గారిదే అయ్యేది. తన పార్టీ నిలబెట్టాలనుకున్న ప్రభుత్వం పతనాన్ని ఆయనే స్వయంగా సభకు ప్రకటించవలసి వచ్చింది. ఆ నిర్ణయం మీద తరువాత చాలా వాదోపవాదాలు జరిగాయి. కానీ తన పార్టీకి మేలు చేశారని మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. అదే సంవత్సరం అక్టోబర్ 22న కొత్త లోక్‌సభ ఆయనను ఏకగ్రీవంగా మళ్ళీ స్పీకర్‌గా ఎన్నుకున్నది.

రెండో విడతలో, 2000 మేలో, సభ్యుల నడవడిని చూసే నైతిక విలువల కమిటీని లోక్‌సభలో తొలిసారి ఏర్పాటు చేశారు. సభ మధ్యలోకి దూసుకువచ్చి అల్లరి చేసే సభ్యులు స్పీకర్ పేరు చదవగానే సస్పెండ్ అయ్యే 374ఏ నిబంధన 2001 డిసెంబర్‌లో వచ్చింది.

2002 మార్చి 3న భీమవరం నుండి హెలికాప్టర్‌లో బయలుదేరిన ఆయన కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలి దుర్మరణం పాలయ్యారు. వయసు 50 ఏళ్ళు. మావలంకర్ గారి తరువాత పదవిలో ఉండగా కన్నుమూసిన స్పీకర్ ఆయనే. యెదుర్లంక, యానాం మధ్య గౌతమిపై వంతెనకు, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియానికి, పార్లమెంటు గ్రంథాలయ భవనంలోని ఆడిటోరియానికి ఆయన పేరు పెట్టారు.

మాలో చాలామందిమి మా ఇంట్లో మొదటి డిగ్రీవాళ్ళము. రేపు ఏ ఆఫీసులోనో, ఏ బడిలోనో మొదటివాళ్ళమై కూర్చుంటాము. మనవాడు కదా, మన పని చేసిపెడతాడులే అని అడిగేవాళ్ళు వస్తారు. మనవాడు కదా, ఏం చేతనవుతుందిలే అని చూసేవాళ్ళూ ఉంటారు. ఆ ఇద్దరికీ ఒకటే జవాబు, ఆ కుర్చీలో చేయవలసిన పనిని పక్షపాతం లేకుండా చేయడం. కోనసీమ లంక గ్రామం నుండి వెళ్ళిన బాలయోగి గారు మనకు మిగిల్చిన అసలు ఆస్తి అదేనని మా నమ్మకం.