దోమలగూడ ఆదివారాలే గ్రంథమయ్యాయి
స్వామి రంగనాథానంద: మైసూరు వంటశాల నుంచి గీతా వ్యాఖ్యానం దాకా

చిక్కడపల్లి: అశోక్‌నగర్ వైపు నుంచి ఇందిరాపార్కు మీదుగా దోమలగూడకు వస్తే రామకృష్ణ మఠం ప్రాంగణం ఎదురవుతుంది. విద్యానగర్, నారాయణగూడ, చిక్కడపల్లి వాసులకు ఇది చిరపరిచితమైన చోటు. ఒకరు ఆలయంలో కాసేపు కూర్చోవడానికి, మరొకరు భాషా తరగతులకు, ఇంకొకరు పుస్తకాల కోసం ఇక్కడికి వస్తుంటారు. ఇక్కడి నుంచి పుట్టిన పుస్తకాల్లో ఇంగ్లిషులో మూడు సంపుటాలుగా వెలువడిన ఒక గీతా వ్యాఖ్యానం ఉంది. అది ఏకాంతంలో బల్ల ముందు కూర్చొని రాసిన గ్రంథం కాదు. ఇదే ప్రాంగణంలో ఆదివారం ఆదివారం జనం ఎదుట చెప్పిన మాటలే అక్షరరూపం దాల్చాయి. ఆ మాటలు చెప్పిన స్వామి రంగనాథానంద కళాశాల చదువు చదివినవారు కారు. ఆశ్రమ జీవితంలో తొలి ఆరేళ్లు ఆయనకు అప్పగించిన పని వంట చేయడం, అంట్లు తోమడం.

పుస్తకం పట్టిన దారి

ఆయన పూర్వాశ్రమ నామం శంకరన్. 1908 డిసెంబరు 15న నేటి కేరళలోని త్రిశూరు సమీపాన గల త్రిక్కూరు గ్రామంలో జన్మించారు. అప్పట్లో ఆ ప్రాంతం కొచ్చిన్ సంస్థానంలో ఉండేది. బాల్యంలో ఒకసారి ఎవరినో పరుషంగా తూలనాడగా తల్లి విని మందలించింది. నాలుక సరస్వతి నివాసమనీ, దానితో చెడు పలకరాదనీ ఆమె చెప్పిన మాట తన మనసులో నాటుకుపోయిందని ఆయన పెద్దయ్యాక పలుమార్లు గుర్తు చేసుకున్నారు. ఆ తర్వాత ఏడు దశాబ్దాలకు పైగా ఆ నాలుకే ఆయన సాధనమైంది.

పాఠశాల రోజుల్లోనే శ్రీరామకృష్ణ పరమహంస సంభాషణల గ్రంథం ఆయన చేతికి వచ్చింది. పట్టిన పుస్తకం దించకుండా చదివారు. తర్వాత వివేకానందుని రచనలు చదివారు. అనుభవజ్ఞుడైన గురువు ఎదురుపడక ముందే ఒక పుస్తకం ఆ బాలుని జీవితాన్ని మలుపు తిప్పింది. పుస్తకం మనిషిని మార్చగలదన్న నమ్మకం ఆయనలో చివరిదాకా చెక్కుచెదరకపోవడానికి ఈ అనుభవమే మూలం కావచ్చు.

1926లో పదిహేడేళ్ల వయసులో ఇల్లు విడిచి మైసూరు రామకృష్ణ ఆశ్రమంలో చేరారు. తొలి ఆరేళ్లు అక్కడి వంటశాలే ఆయన లోకం. ఆ పైన విద్యార్థి వసతి గృహ పర్యవేక్షకునిగా నియమితులయ్యారు. శ్రీరామకృష్ణుని ప్రత్యక్ష శిష్యులలో ఒకరైన స్వామి శివానంద 1933లో ఆయనకు సన్యాస దీక్ష ఇచ్చారు. మైసూరులో తొమ్మిదేళ్లు, బెంగళూరులో మూడేళ్లు గడిచాయి. పగలంతా సేవ, దొరికిన తీరికలో గ్రంథ పఠనం. సంస్కృత శాస్త్రాలతో పాటు పాశ్చాత్య తత్త్వవేత్తలు, చరిత్రకారులు, జీవశాస్త్రజ్ఞుల రచనలను పట్టా కోసమో, ఉద్యోగం కోసమో కాక తనకు తానుగా చదువుకున్నారు. నేడు పోటీ పరీక్షల పుస్తకాలతో చిక్కడపల్లి గ్రంథాలయంలో రోజంతా గడిపే యువతకు పరీక్షే లేని ఆ చదువు వింతగా తోచవచ్చు.

పని గురించి గీత చెప్పిన భాగాలను తర్వాతి కాలంలో ఆయన వివరించిన తీరు చూస్తే మైసూరు వంటశాల గుర్తుకు రాక మానదు. ఏ పనీ చిన్నది కాదనీ, చేసేవాని మనసును బట్టే పని విలువ పెరగడమో తరగడమో జరుగుతుందనీ ఆయన చెప్పేవారు. ఇతరులు ఈ మాట చెబితే నీతిబోధగా వినిపిస్తుంది. ఆరేళ్లు పొయ్యి దగ్గర నిలిచినవారు చెప్పినందువల్ల దానికి బరువు వచ్చింది.

మూతపడిన రెండు కేంద్రాలు

1939లో ఆయనను బర్మాలోని రంగూన్‌కు పంపారు. అక్కడి రామకృష్ణ మిషన్ శాఖకు కార్యదర్శిగానూ, గ్రంథాలయాధికారిగానూ పనిచేశారు. ఎంతోమంది తెలుగువారు కూలి పనులకూ, వ్యాపారానికీ వలస వెళ్లిన నగరమది. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాయి. 1942 మార్చిలో నగరం జపాన్ సేనల వశమైంది. లక్షలాది భారతీయులు ఉన్నదంతా విడిచి స్వదేశం దారి పట్టారు. స్వామి రంగూన్ సేవ కూడా అదే ఏడాది ముగిసింది.

అదే 1942లో కరాచీ కేంద్రానికి అధ్యక్షులయ్యారు. అక్కడ ఆదివారాల్లో ఆయన చెప్పే గీతా ప్రసంగాలకు విద్యార్థులు, ఉద్యోగులు తరలివచ్చేవారు. ఆ శ్రోతల్లో లాల్‌కృష్ణ ఆడ్వాణీ అనే యువకుడు కూడా ఉన్నారు. తాను విన్న ఆ ప్రసంగాల గురించి ఆడ్వాణీ తర్వాత తన ఆత్మకథలో రాశారు. దేశ విభజనతో కరాచీ నగరమే మారిపోయింది. శ్రోతలు చెల్లాచెదురయ్యారు. ఏడాది పాటు అక్కడే నిలిచిన స్వామి, కేంద్రాన్ని నడపడం ఇక సాధ్యం కాదని తేలాక 1948లో తిరిగి వచ్చారు.

ఒకే దశాబ్దంలో రెండు నగరాలు, రెండు కేంద్రాలు చేజారాయి. ఇంత జరిగినా ఆయన రచనల్లో ద్వేషం గానీ, నిష్ఠూరం గానీ కానరాదు. ఇస్లాంను, క్రైస్తవాన్ని గౌరవంతో పరిశీలించిన ప్రసంగాలు ఆయన గ్రంథాల్లో ఉన్నాయి. మతాల మధ్య సామరస్యం గురించి మాట్లాడేవారు చాలామంది ఉంటారు. విభజన నాటి కరాచీని కళ్లారా చూసి వచ్చాక కూడా అదే మాట మీద నిలబడినవారు కొద్దిమందే.

1949 నుంచి 1962 వరకు ఢిల్లీ కేంద్రం, అనంతరం 1967 వరకు కలకత్తాలోని రామకృష్ణ మిషన్ సాంస్కృతిక సంస్థ ఆయన కార్యక్షేత్రాలు. విదేశీ పర్యటనలు కూడా ఈ దశలోనే ముమ్మరమయ్యాయి. ఐరోపా, అమెరికా, ఆసియా దేశాల్లో విశ్వవిద్యాలయాలు ఆయనను ఆహ్వానించాయి. ఆ వివరాలన్నీ చెప్పబోతే అది వేరే కథ అవుతుంది.

కలకత్తాలో మాత్రం కొంత ఆగాలి. అక్కడ ఈశ, కేన, కఠోపనిషత్తులపై ఆయన వరుసగా ప్రసంగించారు. వాటిని భారతీయ విద్యాభవన్ 1968లో 'ద మెసేజ్ ఆఫ్ ది ఉపనిషద్స్' పేరుతో ప్రచురించింది. కఠోపనిషత్తులో తండ్రి కోపానికి గురై యముని ఇంటికి వెళ్లిన నచికేతుడు, మరణించిన మనిషి ఉంటాడా, ఉండడా అని సాక్షాత్తూ మృత్యువునే అడుగుతాడు. సంపదలిస్తాను, దీర్ఘాయువునిస్తాను, ఆ ఒక్కటి మాత్రం అడగవద్దని యముడు ఎంత బతిమాలినా బాలుడు వినడు. సంప్రదాయ వ్యాఖ్యాతలు దీన్ని ఆత్మజ్ఞాన బోధకు పీఠికగా చూశారు. రంగనాథానంద ఆ బాలుని ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు నిలిచారు. నమ్మమన్నదాన్ని నమ్మి ఊరుకోక అడిగి తెలుసుకునే ఆ పట్టుదలనే ఆయన ఉపనిషత్తుల ప్రాణంగా భావించారు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు ప్రకృతిని ప్రశ్నించినట్లే ఋషులు మనిషి అంతరంగాన్ని ప్రశ్నించారన్నది ఆయన నిశ్చితాభిప్రాయం. అందుకే వేదాంతాన్ని మానవుని గురించిన శాస్త్రంగా పేర్కొనేవారు. జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్‌లీ వంటివారి పేర్లు ఆయన ఉపనిషద్వ్యాఖ్యల్లో శంకరాచార్యుల సరసన కనిపిస్తాయి.

భాగ్యనగరంలో ఇరవై ఏళ్లు

1973లో రంగనాథానంద హైదరాబాద్ మఠం అధ్యక్షులుగా వచ్చారు. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. జై ఆంధ్ర ఉద్యమం నేపథ్యంలో రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉన్న సంవత్సరమది. ఇతరులు విశ్రాంతి కోరుకునే వయసులో వచ్చిన ఆయన 1993 వరకు ఇక్కడే ఉన్నారు. ఆయన జీవితంలో మరే నగరానికీ ఇంత సుదీర్ఘ కాలం దక్కలేదు. దోమలగూడ ప్రాంగణంలో ఆలయం, గ్రంథాలయం, వైద్యసేవ, వివేకానంద భాషా సంస్థ ఆయన హయాంలో రూపుదిద్దుకున్నాయి. ఒక మఠం సంస్కృతంతో పాటు విదేశీ భాషలు కూడా నేర్పడం చాలామందికి కొత్తగా తోచింది. లోకమంతా తిరిగి వచ్చిన సన్యాసికి అది సహజమైన ఆలోచనే.

ఆదివారపు ప్రసంగాలు నగర జీవితంలో భాగమైపోయాయి. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరో పక్క సచివాలయం, ఊరి చుట్టూ పరిశోధన సంస్థలు, ప్రభుత్వ రంగ పరిశ్రమలు ఉన్న నగరం కావడంతో ఆయనకు తగిన శ్రోతలు లభించారు. అధ్యాపకులు, ఇంజినీర్లు, వైద్యులు, అధికారులు, విద్యార్థులు వచ్చి వినేవారు. పరిపాలనాధికారులకు, పోలీసు అధికారులకు శిక్షణనిచ్చే సంస్థలు కూడా ఆయనను పిలిచి మాట్లాడించుకునేవి.

గీత నాలుగో అధ్యాయం ఆరంభంలో ఈ యోగాన్ని పూర్వం రాజర్షులు ఎరిగి ఉన్నారన్న ప్రస్తావన వస్తుంది. ఆయనకు అత్యంత ప్రీతిపాత్రమైన ఘట్టాల్లో ఇదొకటి. చేతిలో అధికారం, నెత్తిన బాధ్యత ఉన్నవారి కోసమే గీత పుట్టిందని ఆయన గట్టిగా వాదించారు. పదవీ విరమణ తర్వాత చదువుకుందామని దాన్ని దాచిపెట్టుకునేవారిని చూసి నవ్వేవారు. కార్యాలయంలో పౌరుని దరఖాస్తును సకాలంలో పరిష్కరించే గుమాస్తా, తన వద్దకు వచ్చిన రోగిని మనిషిగా చూసే వైద్యుడు ఆయన దృష్టిలో గీతను ఆచరిస్తున్నవారే. యుగధర్మం మారుతుందనీ, మారాలనీ, కుల వివక్షను, అస్పృశ్యతను సమర్థించే స్మృతులను పక్కనపెట్టే హక్కు సమాజానికి ఉందనీ నిస్సంకోచంగా ప్రకటించేవారు. ఆచారాన్నే ధర్మమనుకునేవారికి ఇది రుచించే మాట కాదు.

ఈ రచనల్లో లోటు లేకపోలేదు. ఉపన్యాసం నుంచి పుట్టిన గ్రంథం గనుక చెప్పిన విషయమే మళ్లీ మళ్లీ వస్తుంది. శ్లోకార్థం సాగుతుండగానే పౌర బాధ్యతల మీదికి, అక్కడి నుంచి ఐరోపా చరిత్ర మీదికి ప్రసంగం మళ్లుతుంది. పదానికి పదం, తర్కానికి తర్కం కోరే పండితుడు వీటితో తృప్తి చెందడు. పైగా ఆయన బోధ ప్రధానంగా ఇంగ్లిషులో సాగింది. ఆ భాష రానివారికి అది నేరుగా అందలేదు. తెలుగు గడ్డపై ఇరవై ఏళ్లు వినిపించిన గొంతు తెలుగులో వినిపించకపోవడం వెలితే. అయితే మాట్లాడే భాషలోని వేడి చల్లారకుండా పుటల మీదికి రావడం వల్లనే వేదాంతంతో పరిచయం లేని పాఠకుడు కూడా ఈ సంపుటాలను భయపడకుండా తెరవగలుగుతున్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషికి చెబుతున్నట్లే ఉంటుంది ఆ రచన.

1980వ దశకం చివరి ఏళ్లలో ఇక్కడ గీతపై ఆయన చేసిన ప్రసంగాలు 'యూనివర్సల్ మెసేజ్ ఆఫ్ ద భగవద్గీత' పేరుతో మూడు సంపుటాలుగా 2000, 2001 సంవత్సరాల్లో అద్వైత ఆశ్రమం ద్వారా వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు తొంభై ఏళ్లు దాటాయి. అంతకు ముందే వివిధ వేదికలపై చేసిన ప్రసంగాలు 'ఎటర్నల్ వాల్యూస్ ఫర్ ఎ చేంజింగ్ సొసైటీ' పేరుతో పలు సంపుటాలుగా వచ్చాయి.

వ్యక్తికి వద్దన్న పురస్కారం

1998లో రామకృష్ణ మఠం, మిషన్‌లకు ఆయన పదమూడో అధ్యక్షులయ్యారు. మైసూరులో అంట్లు తోమిన యువకుడు బేలూరు మఠంలో వివేకానందుడు స్థాపించిన సంస్థకు అధిపతి అయ్యేందుకు డెబ్బై రెండేళ్లు పట్టింది. 1998 సంవత్సరానికి గాంధీ శాంతి బహుమతిని కేంద్ర ప్రభుత్వం రామకృష్ణ మిషన్‌కు ప్రకటించగా సంస్థ స్వీకరించింది. 2000లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. దేశంలో రెండో అత్యున్నత పౌర పురస్కారమది. సంస్థకు కాక తన పేరిట వ్యక్తిగతంగా ఇస్తున్నందున అంగీకరించలేనని ఆయన వినయంగా తిరస్కరించారు. సన్యాసం స్వీకరించిననాడే తన పేరుతో పాటు సొంత ఘనతను కూడా వదిలేశారు గనుక ఆ నిర్ణయానికి ఆయన పెద్దగా ఆలోచించవలసిన అవసరం రాకపోయి ఉండవచ్చు. పత్రికలు మాత్రం కొన్నాళ్లు దాని గురించి రాశాయి.

వయోభారంతో ఆరోగ్యం క్షీణించినా దీక్షార్థులను, సందర్శకులను కలుస్తూనే ఉన్నారు. 2005 ఏప్రిల్ 25న కోల్‌కతాలో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బేలూరు మఠంలో గంగ ఒడ్డున అంత్యక్రియలు జరిగాయి.