విత్తు చెప్పని పేరు: విలియం రాక్స్‌బర్గు జీవితము

పెరటి పూలవిత్తనములను గుడ్డమూటలలో కట్టి దాచుకొనుట మన పల్లెలందు ప్రాతయలవాటు. మానవపాడు వంటి మెట్టసీమ గ్రామములలో తొలకరి చినుకు పడగానే ఆ మూటలు విప్పుదురు. మూటలుండును గాని వానిపై పేరుండదు. చంద్రకాంత విత్తు మిరియమువలె నల్లగా ముడుతలు పడియుండును గనుక దానిని బాలురు సైతము పోల్తురు. బంతివిత్తు సన్నని నల్లపుల్లవలె నుండి కొనయందు తెల్లని కుచ్చు కలిగియుండును. రుద్రజడ గింజను నీట వేసినచో జిగురుపొర తొడుగుకొనును. అయినను ఆ బంతి ముద్దబంతియో రేకబంతియో, ఆ చంద్రకాంత పసుపుదో ఎరుపుదో విత్తు చెప్పజాలదు. విత్తి, పూచువరకు వేచియుండవలసినదే. ఈ నిరీక్షణమునే తన జీవితవ్రతముగా జేసికొని, ఆంధ్రదేశమున పండ్రెండేండ్లు గడపిన శాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గు.

ఆయన 1751వ సంవత్సరమున స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించుచు, జాన్ హోప్ అను ఆచార్యునొద్ద వృక్షశాస్త్రము నేర్చెను. 1776లో ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు కొలువున సహాయవైద్యుడుగా చేరి, 1781లో గోదావరిసీమ యందలి సామర్లకోటకు వచ్చెను.

నాటి వృక్షశాస్త్రమునకు లిన్నేయసు పద్ధతి ప్రమాణము. పువ్వునందలి కేసరములను, కీలములను లెక్కించి మొక్క యేవర్గమునకు చెందినదో నిర్ణయించుట ఆ పద్ధతి. కావున పువ్వు చూడనిదే పూచు మొక్క వర్గమును ఆ పద్ధతిని నిర్ణయించుట కుదరదు. లిన్నేయసునకు స్వయముగా శిష్యుడైన కోనిగ్ పండితుడు రాక్స్‌బర్గునకు స్నేహితుడు. 1785లో కాకినాడ జగన్నాథపురమున కోనిగ్ మరణశయ్యపై నున్నప్పుడు వైద్యము చేసినవాడును రాక్స్‌బర్గే.

తొలినాళ్ళలో తాను కూడబెట్టిన గ్రంథములు, వ్రాతలు, ఎండుమొక్కలు తుఫాను వెల్లువలో నశించినను ఆయన నిరాశ చెందలేదు. సామర్లకోటలో తోట వేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క, నీలి, చెరకు మున్నగువానిని పెంచెను. 1790 ప్రాంతమున ఉత్తర సర్కారులను దారుణమైన క్షామము పీడించెను. వానలు తప్పినపుడును ప్రజల నాదుకొను కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటింపవలెనని ఆయన అధికారులకు విన్నవించెను. మొక్కలను గుర్తించుట ఆయనకు వినోదము కాదు. ఆకలితోడను జ్వరముతోడను ముడివడిన పని.

1789లో కంపెనీవారు ఆయనను కర్ణాటక ప్రాంతమునకు తమ వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఆయన వర్ణించిన మొక్కలలో మూడువందలు, చిత్రపటములతో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మహాగ్రంథముగా 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములలో లండనున వెలువడినవి. మొక్కను తెలుగువారేమని పిలుతురో అడిగి వ్రాసికొనుట ఆయన నియమము. గాలిలో గిరగిర తిరుగుచు రాలు రెండురెక్కల కాయగల తణుకుచెట్టు ఆ గ్రంథమున మొదటి పటము. జ్వరమునకు సింకోనా పట్టకు బదులు వాడదగునని ఆయన సూచించిన సోమిచెట్టు పేరే తరువాత 'సోయ్మిడా' అను ప్రజాతినామమైనది. రాళ్ళసందుల మొలచు కుండేటికొమ్ముల జాతికి 'కారల్లం' అను తెలుగుపేరును ఆయన నమోదు చేయగా, దానినుండియే 'కారల్యూమా' అను లోకప్రసిద్ధమైన పేరు పుట్టెను.

1793లో రాక్స్‌బర్గు కలకత్తా వృక్షోద్యానమునకు అధ్యక్షుడయ్యెను. దూరదేశముల నుండి మిత్రులు పంపిన విత్తనములు ఆ తోటకు చేరుచుండెను. వానిని విత్తి, అవి పూచిన పిమ్మట పరిశీలించి, విత్తు పంపినవారి పేరును, పూచిన కాలమును గూడ వర్ణనలో చేర్చుచుండెను. శ్రీరామపురపు విలియం కేరీ ఆయనతో విత్తనములు మార్చుకొనిన మిత్రుడు. కుంభిచెట్టు జాతికి 'కేరియా' అని పేరిడి రాక్స్‌బర్గు ఆ మైత్రిని శాశ్వతము చేసెను. 1813లో ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలి, 1815లో ఎడింబరోలో కాలధర్మము నొందెను. అప్పటికి ఆయన 'ఫ్లోరా ఇండికా' అచ్చు కాలేదు. 1832లో కేరీయే దానిని సమగ్రముగా ప్రకటించెను.

ఒక్క లోటు మాత్రము మనసును కలచును. మొక్కల తెలుగుపేర్లు ఆ గ్రంథములలో నిలిచినవి. ఆ పేర్లు చెప్పిన పల్లెవారి పేర్లు గాని, ఆ పటములు వ్రాసిన దేశీయ చిత్రకారుల పేర్లు గాని అందు కానరావు. విత్తనము పంపిన దొర పేరు దక్కినది. విత్తు నెరిగిన అవ్వ పేరు దక్కలేదు. నేటికిని మన యిండ్లలో పెద్దలకు తెలిసిన మొక్కలపేర్లు వారితోనే అంతరించుచున్నవి. ఈయేడు పూలవిత్తనములు మూటగట్టునపుడు ఒక చీటిపై పువ్వుపేరును, ఆ పేరు చెప్పినవారి పేరును, ఏ నెలలో పూచినదో ఆ వివరమును వ్రాసి లోపలనుంచుడు. రాక్స్‌బర్గు జీవితమునుండి మనము నేర్వదగినదియు, ఆయన చేయక విడిచినదియు ఆ చీటిలో నిముడును.