ఐసీఎస్ వదిలేశారు... గల్లీ బాగుచేశారు!

సివిల్స్ కొట్టాలని ఏళ్లకేళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టేవాళ్లు మనలో బోలెడుమంది. అఖ్తర్ హమీద్ ఖాన్ మాత్రం అలాంటి కొలువు చేతిలో ఉండగానే వదిలేశారు. చివరికి ఓ మురికివాడలో డ్రైనేజీ పనితో చరిత్రకెక్కారు. మున్సిపల్ ఉద్యోగాలు, ఎన్జీవోలు, పట్టణ ప్రణాళిక వైపు చూస్తున్నవాళ్లు తెలుసుకోవాల్సిన జీవితం ఆయనది.

కలెక్టర్ల వరస నుంచి కూలీగా

1914లో ఆగ్రాలో పుట్టారు. ఇప్పటి ఐఏఎస్‌కు ముందు తరమైన ఐసీఎస్‌కు ఎంపికై, కేంబ్రిడ్జిలో శిక్షణ పొంది, బెంగాల్‌లో పనిచేశారు. 1943లో అక్కడ కరవొచ్చి లక్షల మంది ఆకలితో చనిపోయారు. అప్పుడు సర్కారు తీరు చూశాక ఆ కుర్చీలో కూర్చోలేక రాజీనామా చేశారు. తాళాలకు పేరున్న అలీగఢ్ దగ్గర ఓ ఊళ్లో సుమారు రెండేళ్లు కూలీగా, తాళాల పనివాడిగా బతికారు.

1950లో పాకిస్థాన్ వెళ్లారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కొమిల్లాలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేశారు. 1959లో అక్కడే గ్రామీణాభివృద్ధి అకాడమీ పెట్టి చిన్న రైతుల్ని సహకార సంఘాలుగా కూడగట్టారు. 1963లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. అసలు కథ మాత్రం 65 ఏళ్లు దాటాక మొదలైంది.

ముందు అడిగారు

1980లో కరాచీ అంచున ఉన్న ఒరంగీకి వచ్చారు. దళారుల దగ్గర జాగాలు కొని జనం సొంతంగా ఇళ్లు కట్టుకున్న పెద్ద బస్తీ అది. ఇళ్లయితే లేచాయి కానీ మురుగంతా గల్లీలోనే పారేది. ఖాన్ వెంటనే పని మొదలెట్టలేదు. నెలల తరబడి గల్లీలు తిరుగుతూ జనాన్ని అడిగారు. డ్రైనేజీ లేకపోవడమే పెద్ద బాధని తేలింది. మరి వాళ్లే ఎందుకు వేసుకోవట్లేదు? ఆయనకు నాలుగు అడ్డంకులు కనిపించాయి.

మొదటిది, సర్కారే ఫ్రీగా వేయాలన్న ఆలోచన. ఎంతకాలం ఎదురుచూస్తారో ఆలోచించుకోమని జనంతో మాట్లాడీ మాట్లాడీ ఒప్పించారు.

రెండోది ఖర్చు. కాంట్రాక్టర్‌ని తప్పించారు, డిజైన్‌ని సింపుల్ చేశారు, మ్యాన్‌హోళ్లకు ఇనుప అచ్చులు తయారుచేయించారు. దాంతో తొలినాళ్లలో ఇంటికి సుమారు వెయ్యి రూపాయల్లో పనైపోయింది.

మూడోది పని తెలియకపోవడం. ఆయన సంస్థ ఒరంగీ పైలట్ ప్రాజెక్ట్ సర్వే చేసి, లెవెల్స్ చూసి, ప్లాన్, ఎస్టిమేట్ ఇచ్చేది. పనిముట్లు అరువిచ్చేది. మొదట్లో కాంక్రీటు సరిగా తడపక నాణ్యత దెబ్బతింది. అది గమనించి జనానికి, మేస్త్రీలకు పని నేర్పించారు.

నాలుగోది ఐకమత్యం. బస్తీ మొత్తాన్ని ఒక్కతాటిపైకి తేవడం కుదరని పని. అందుకే 20-30 ఇళ్ల గల్లీని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. గల్లీవాళ్లే తమలో ఒకరిని మేనేజర్‌గా ఎన్నుకుని చందాలు వసూలు చేసుకునేవారు. ఆ డబ్బును సంస్థ ముట్టుకునేదే కాదు. ఎవరెంత ఇచ్చారో, ఎంత ఖర్చయిందో పక్కింటివాళ్లకు తెలుసు కాబట్టి గొడవలకు తావు తక్కువ.

సర్కారు వంతు సర్కారుదే

అన్నీ జనమే చేసుకోవాలని ఆయన అనలేదు. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీ పైపు, వాటిని కలిపే లైను జనం వంతు. పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వం వంతు. ఈ లెక్క పక్కాగా ఉండబట్టే పని గల్లీ నుంచి గల్లీకి పాకింది. కాలక్రమంలో ఒరంగీలో 90 వేలకు పైగా ఇళ్లకు డ్రైనేజీ వచ్చింది.

ఖాన్ 1999లో అమెరికాలో కన్నుమూశారు. ఒరంగీలోని ప్రాజెక్ట్ ఆఫీసు ఆవరణలోనే ఖననం చేశారు.

మీకు పనికొచ్చేది

రేపు మీరు వార్డు సచివాలయంలోనో, మెప్మాలోనో, మున్సిపాలిటీ ఇంజినీర్‌గానో చేరొచ్చు. ఆటోక్యాడ్ తెరిచే ముందు ఆ గల్లీలో నాలుగు రోజులు తిరగండి. ఎవరికేం కావాలో, ఎవరెంత పెట్టగలరో, పైపు పూడుకుపోతే ఎవరు తీస్తారో అడిగి రాసుకోండి. డ్రాయింగ్ ఆ తర్వాతే వేయండి.